పువ్వు చూసి వెళ్తాను

డెనీస్ మార్‌స్డెన్ నోటికి ఒక జబ్బుంది. ఎవరేమన్నా ముందు "పర్లేదు" అనేస్తుంది, తర్వాత ఆలోచిస్తుంది. బస్సులో ఎవరైనా తన కాలు తొక్కితే తనే క్షమాపణ చెప్పుకుంటుంది. ఇంగ్లండులో ఓట్లీ అనే ఊళ్లో బడి వంటింట్లో అన్నేళ్లు పిల్లలకు వడ్డించింది కానీ ఒక్కరినీ కసరలేదు. అలాంటి మనిషి ఉన్న ఇల్లు అమ్మి, ఇంకో ఇల్లు కొనుక్కోవడానికి బయల్దేరింది. ఇక చూసుకోండి.

అమ్మేది మెట్ల ఇల్లు. పడక, స్నానం పైన, వంటిల్లు కింద, మధ్యలో అరిగిపోయిన ఆమె మోకాళ్లు. కొనాలనుకున్నది ఊరి చివర సిల్వియా క్రాబ్‌ట్రీ ఇల్లు. ఒక్క మెట్టు కూడా లేదు, వెనకాల ఎండపడే తోట ఉంది. సిల్వియా ఏమో ఇదమ్మేసి ఫైలీలో సముద్రం ఒడ్డున ఖాళీగా ఉన్న చిన్న ఫ్లాటుకు పోతానంది. డెనీస్ ఇల్లు కొనేది కానర్, షానన్ అని ఓ కుర్ర జంట. ఆ పిల్ల కడుపుతో ఉంది. ఇదీ గొలుసు. అందరూ ఒకే రోజు కదలాలి. ఒక్కరు "ఆ తేదీ నాకు కుదరదు" అన్నారంటే మిగతావాళ్లంతా పెట్టెలు సర్దుకుని వాటి మీదే కూర్చోవాలి. లాయర్ల దగ్గర ఒప్పందం కాగితాల మీద సంతకాలు మారేదాకా ఎవరూ ఎవరికీ కట్టుబడి లేరు, ఎంత నవ్వుతూ టీలు తాగినా సరే.

డెనీస్‌కి ఇంటికన్నా పెద్ద బెంగ ఇంకోటుంది. పెరట్లో గులాబీ మొక్క.

అది ఏ అంగట్లోనూ దొరికేది కాదు. ఆమె మొగుడు కీత్, ఉత్తరాలు పంచే పని అయిపోగానే బూట్లయినా విప్పకుండా పెరట్లో దూరేవాడు. రెండు గులాబీలను కలిపి, గింజ కట్టించి, ఆ గింజల్ని మొలిపించి, మొలిచిన వాటిలో వందకి తొంభైతొమ్మిది పీకి పారేసి, చివరికి ఒక్కదాన్ని మిగుల్చుకున్నాడు. లోపల మీగడ రంగు, అంచుల్లో టీ ఒలికినట్టు ఎర్రటి గోధుమ రంగు. కొమ్మలు నాటి చూశాడు, ప్రతిసారీ కుళ్లిపోయాయి. ప్రపంచం మొత్తానికి ఆ మొక్క ఒక్కటే. "దానికి నా పేరు పెట్టొచ్చుగా" అని డెనీస్ అంటే, "ఈ ఇరుకు పెరట్లోనా? సరైన తోట దొరకనీ, అప్పుడు నామకరణం" అనేవాడు. సరైన తోట దొరక్కముందే గుండె ఆగి పోయాడు.

కానర్, షానన్‌లకు పెరడు అక్కర్లేదు. కారు పెట్టుకోవడానికి కాంక్రీటు పోయిస్తామని ఇల్లు చూడ్డానికొచ్చిన రోజే చెప్పేశారు. అంటే మొక్కను తీయాలి. గులాబీని తీయాలంటే చలికాలంలో, అది నిద్రలో ఉన్నప్పుడే తీయాలి. చిగురేశాక తవ్వితే చస్తుంది. అందుకే ఫిబ్రవరిలోనే ఇళ్లు చేతులు మారిపోవాలని డెనీస్ ఆశ. మార్చి ఆఖరి శుక్రవారమైతే బావుంటుందని సిల్వియా కబురు పంపింది. సరే, మార్చి. మరి మొక్క సంగతి?

కర్టెన్లకు కొలతలు తీసుకునే వంకతో వెళ్లి, సిల్వియా వంటింట్లో కూర్చుని, నసుగుతూ నసుగుతూ మొక్క కథంతా చెప్పింది డెనీస్. సిల్వియాకు డెబ్భై దాటాయి. తెల్లటి జుట్టు, మెత్తటి మాట, చెయ్యి పట్టుకునిగానీ మాట్లాడదు. మొగుడు పోయి మూడేళ్లు. విన్నంతసేపూ కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

"ఇంతోటిదానికి బెంగెందుకు తల్లీ? ఇప్పుడే తెచ్చి నా తోటలో నాటెయ్. ఎలాగూ నీదయ్యే తోటేగా! నువ్వు సామాను తెచ్చేసరికి అది వేళ్లు పోసుకుని నీకోసం ఎదురుచూస్తుంటుంది."

"మీకు ఇబ్బంది కాదూ?"

"నాకేం ఇబ్బంది? ఆయన పోయాక ఆ తోటలోకి అడుగే పెట్టలేదు. మట్టికీ ఓ తోడు దొరుకుతుంది."

డెనీస్‌కు దేవత కనబడ్డట్టయింది. ఆ సంతోషంలో లాయరుకు ఫోన్ చేసి చెప్పింది. ఆ లాయరు నస్రీన్ మీర్జా అని లీడ్స్ పిల్ల. మాట కత్తిరించినట్టు మాట్లాడుతుంది.

"డెనీస్ గారూ, సంతకాలు మారకుండా ఆ ఇంట్లో ఒక్క చెంచా కూడా పెట్టొద్దు. మట్టిలో నాటింది ఆ మట్టి ఎవరిదైతే వాళ్లదైపోతుంది. రేపు ఆవిడ మనసు మారితే మీ మొక్క మీకు రాదు."

"సిల్వియా అలాంటి మనిషి కాదమ్మా."

"అలాంటి మనిషి కాదనే ప్రతివాళ్లూ అంటారు. కనీసం కాగితం మీద ఒక ముక్క రాయించుకోండి."

"అయ్యో, అడిగితే ఎంత బాధపడుతుందో ఏమో!" అంది డెనీస్. అడగలేదు. అడగడమంటే అనుమానించడమే కదా అని ఆమె మొహమాటం. మన ఓట్లీ వాళ్లలో సగం మంది ఇలా అడగలేకే మునిగారు, మిగతా సగం ఆ మొహమాటం మీదే బతికారు.

మొక్కను తవ్వడానికి కీత్ అక్క జానిస్ వచ్చింది. జానిస్ నోటికి వాన కూడా జడిసి ఆగుతుంది.

"ఊరికే ఇంకొకళ్ల పెరట్లో పాతిపెట్టి రావడానికి ఇది పిల్లి శవమా? తమ్ముడి మొక్కే!" అంటూనే పారకు బలమంతా పెట్టింది.

"తొందరపడకు జానిస్, వేరు తెగుతుంది. ఈ వయసు మొక్క ఒకసారి కదిలిస్తే తట్టుకుంటుంది, రెండోసారి తట్టుకోదని కీత్ చెప్పేవాడు."

మన్నుతో సహా గోనెలో చుట్టి, ఎత్తలేక ఎత్తి, జానిస్ కారు వెనక సీట్లో పసిపిల్లను కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు. సిల్వియా టీ కప్పు పట్టుకుని గడప దగ్గర నిలబడి చూసింది. ఎండ ఎక్కడ పడుతుందో చూసి, గొయ్యి తీసి, నాటి, నీళ్లు పోసి, డెనీస్ మోకాళ్ల మీద అలాగే ఉండిపోయింది. ఒకసారే కదిలించాలన్న మాట సిల్వియాకీ చెప్పింది. సిల్వియా తలూపింది. బాగా గుర్తుపెట్టుకుంది కూడా, తర్వాత తెలిసింది.

మార్చి ఆఖరి శుక్రవారం దగ్గరపడింది. ఫైలీ ఫ్లాటులో గోడకు తేమ కనబడింది, ఈస్టర్ దాటాక పెట్టుకుందామని కబురొచ్చింది. పర్లేదంది డెనీస్. ఈస్టర్ దాటింది. సామాను సర్దడానికి మనిషి దొరకలేదని ఇంకో కబురు. పర్లేదంది. షానన్ పొట్ట పెరుగుతోంది, పర్లేదులు కూడా పెరుగుతున్నాయి. చివరికి మే మొదట్లో నస్రీన్ ఫోన్ చేసింది.

"జూన్ ఆఖరు దాకా కదలనంటోంది మీ సిల్వియా. కారణం చెప్పమంటే, మొక్కేదో మొగ్గ వేసిందట, అది పూయడం చూసి గానీ వెళ్లదట. నా ఉద్యోగంలో ఇలాంటి కారణం ఎప్పుడూ వినలేదు."

డెనీస్ బస్సెక్కి వెళ్లింది. మొక్క నిండా ఆకు. చిగుర్ల చివర బొటనవేలంత మొగ్గలు. వాటిని చూడగానే ఆమె అడగాలనుకున్నదంతా మరిచిపోయింది.

"ఒక్కసారి పువ్వు చూసి వెళ్తాను తల్లీ," అంది సిల్వియా, ఆమె రెండు చేతులూ పట్టుకుని. "రోజూ పొద్దున్నే టీ తెచ్చుకుని దీని పక్కనే కూర్చుంటున్నా. ఆయన పోయాక నేను తెల్లారాలని ఎదురుచూడ్డం ఇదే మొదలు. ఈ వయసులో మళ్లీ ఏ కొత్త పువ్వు చూస్తానో ఏమో. నీ కీత్ కూడా కాదనడు."

ఆ కీత్ పేరు ఎందుకు తెచ్చిందో చెప్పండి! ఆ పేరు విన్నాక డెనీస్ నోరు ఇంకేం లేస్తుంది?

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో షానన్. పాపం, ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది.

"ఆంటీ, బ్యాంకు అప్పిస్తానన్న మాట ఈ నెలాఖరుతో సరి. దాటితే మళ్లీ మొదట్నుంచి. వడ్డీ పెరిగిపోయింది, మాకు ఇవ్వరు. మీరు కదలకపోతే మేం వేరే ఇల్లు చూసుకోవాలి. బిడ్డను పెట్టుకుని మా అత్త హాల్లో పడుకోలేను."

డెనీస్ ఆ పిల్లకు టీ ఇచ్చి, వీపు నిమిరి, నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేస్తానని మాటిచ్చి, నస్రీన్‌కు ఫోన్ చేసింది. నస్రీన్ దగ్గర మందుంది.

"గొలుసు తెంపొచ్చు. మీ ఇల్లు ఈ నెల్లోనే వాళ్లకు అప్పజెప్పి, మీరు మీ వదినగారింట్లో ఉండండి. జూన్ ఆఖర్న సిల్వియా ఇంట్లోకి మారండి. కానీ ఒక్క షరతు. ఆవిడ జూన్ తేదీ వేసి సంతకాలు ఇప్పుడే మార్చాలి. సంతకం ఇవాళ, తాళాలు జూన్‌లో. అప్పుడు ఆవిడ పువ్వు చూసుకుంటుంది, మీకు ఇల్లూ పోదు, మొక్కా పోదు. నిజంగా వెళ్లే మనిషైతే సంతకానికి ఎందుకు వెనకాడుతుంది? మీరే వెళ్లి అడగండి. మీరడిగితే కాదనలేదు."

ఇంతకన్నా తేలిక ఉపాయం ఉందా? డెనీస్ వెళ్లింది. దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంది. సిల్వియా కుర్చీ వేసింది, బిస్కెట్లు పెట్టింది. డెనీస్ కప్పు చేతిలో తిప్పుతూ తిప్పుతూ విషయం బయటపెట్టింది. సిల్వియా మొహం వాడిపోయింది. కోప్పడలేదు. కోప్పడినా బావుండేది.

"నీకూ నాకూ మధ్య సంతకమా తల్లీ?" అంది చిన్న గొంతుతో. "నా మాట మీద నమ్మకం లేదన్నమాట. నీ మొక్కను కన్నబిడ్డలా చూసుకుంటున్నానే... సరేలే, లాయర్లు నేర్పుతారు ఇవన్నీ. ఎక్కడ పెట్టాలి సంతకం?"

అలా అన్నదే గానీ లేవలేదు, కళ్లజోడు కోసం చూడలేదు. ఆ చోట ఇంకెవరైనా అయితే "ఇదుగో, ఇక్కడ" అని కాగితం ముందు పెట్టేవాళ్లు. జానిస్ అయితే పెన్ను మూత కూడా తీసిచ్చేది. డెనీస్ చెవులు ఎర్రబడిపోయాయి.

"అయ్యో వద్దొద్దు. ఆ లాయరు పిల్లకు కాస్త తొందరెక్కువ. మీ మాట చాలదూ? పర్లేదు సిల్వియా, పర్లేదు."

"నా బంగారు తల్లి," అంది సిల్వియా. ఇంకో బిస్కెట్ పెట్టింది.

సంతకం లేకుండా ఇల్లు వదలొద్దని నస్రీన్ మొత్తుకుంది. కానీ షానన్‌కు మాటిచ్చేసింది కదా! మే ఆఖర్న కానర్ చేతిలో తాళాలు పెట్టి, జానిస్ ఇంట్లో పైన ఉన్న చిన్న గదిలోకి పోయింది డెనీస్. సామానంతా ఓ గోదాములో పెట్టారు. ఆ గదికి పద్నాలుగు మెట్లు. పొద్దున దిగితే మళ్లీ ఎక్కలేక సాయంత్రం దాకా కింద సోఫాలోనే. మర్నాటికే కానర్ మనుషులు పెరట్లో కాంక్రీటు పోశారు. డెనీస్ అటు వెళ్లి చూసింది. గులాబీ గొయ్యి ఎక్కడుండేదో గుర్తు కూడా పట్టలేకపోయింది.

జూన్ మూడో వారంలో సిల్వియా ఫోన్.

"పూసింది తల్లీ! రా, పరిగెత్తుకు రా!"

ఇవాళే తేదీ ఖాయమవుతుందని డెనీస్ తలకు రంగేసుకుని మరీ బయల్దేరింది. కీత్ అమ్మ వాడిన రేకు డబ్బాలో నిమ్మకాయ కేకు చేసి పెట్టుకుంది. తోటలోకి అడుగుపెట్టి ఆగిపోయింది. పాత పెరట్లో నీడకు బక్కగా ఉండే మొక్క, ఇక్కడ నడుమెత్తు ఎదిగి విరగబూసింది. మీగడ, టీ రంగులు. కీత్ ఎప్పుడూ చూడనన్ని పూలు. చూసి ఉండాల్సింది, పిచ్చి మారాజు, ఒక్కసారి చూసి ఉండాల్సింది.

అప్పుడు కనబడింది, మొక్క మొదట్లో మట్టిలో గుచ్చిన నల్లటి పలకముక్క. దాని మీద తెల్లటి రంగుతో అందంగా రాసి ఉంది: ‘ఎథెల్’.

"పేరు లేకుండా ఉంది పాపం అనిపించింది," అంది సిల్వియా వెనక నుంచి. "మా అమ్మ పేరు పెట్టా. ఆవిడకు గులాబీలంటే ప్రాణం. నువ్వేం అనుకోవుగా? కూర్చో తల్లీ, నీకొకటి చెప్పాలి."

చెప్పింది. మెత్తగా, చేతులు పట్టుకునే చెప్పింది. ఫైలీ వెళ్లడం లేదు. ఆ ఫ్లాటు వద్దని నిన్ననే చెప్పేసింది. ఎక్కడికీ వెళ్లడం లేదు.

"ఈ ఇంట్లో ఏడుపే ఉందని అమ్మాలనుకున్నా. నువ్వు ఈ మొక్క తెచ్చావు, ఇల్లు మళ్లీ ఇల్లయింది. దీన్ని వదిలి వెళ్లలేను. ఇదంతా నీ చలవే డెనీస్. నువ్వు నా ప్రాణం నిలబెట్టావు."

డెనీస్ మొక్క వైపు తిరిగింది. "మరి... నా మొక్క?"

"దాన్నిప్పుడు కదిలిస్తే చచ్చిపోతుందిగా. ఒకసారే తట్టుకుంటుందని నువ్వే చెప్పావు." సిల్వియా కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. "నీకెప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు రా. తలుపు తీసే ఉంటుంది. ఆదివారాలు వచ్చి కాస్త బాగోగులు కూడా చూద్దువుగాని, నాకేం తెలుసు? మనసులో ఏం పెట్టుకోకు తల్లీ. పర్లేదుగా?"

నా ఇల్లు పోయింది, నా మొగుడు చేతులతో చేసిన మొక్క పోయింది, దాని పేరు కూడా పోయింది, దానికి నాకు కృతజ్ఞతలు చెబుతోంది ఈ మనిషి, అనుకుంది డెనీస్. నమ్మించి గొంతు కోశావే అని అరవాలనుకుంది. కేకు డబ్బా ఎత్తి ఆ పలక మీద వెయ్యాలనుకుంది. నోరు తెరిచింది.

"పర్లేదు," అంది.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలిసేసరికి గేటు దాటేసింది.

"కేకు కూడా ఇచ్చేసి వచ్చావా!" జానిస్ ఇంటి పైకప్పు ఎగిరిపోయేలా అరిచింది. "మా అమ్మ డబ్బాలో! ముండ నోరే నీది! చెంప పగలగొట్టలేకపోతే పోనీ, ‘ఛీ’ అనడానికేమొచ్చింది?"

"రాలేదు జానిస్," అని డెనీస్ మెట్ల మీదే కూలబడి, పసిపిల్లలా ఏడ్చింది. జానిస్ తిట్టడం ఆపి పక్కన కూర్చుంది.

నస్రీన్ అన్నీ వెతికి చూసింది. సంతకం లేదు, కాగితం ముక్క లేదు. మట్టి సిల్వియాది, మొక్కా సిల్వియాదే. "నేను ముందే చెప్పాను" అని మాత్రం అనలేదు, అది ఆ పిల్ల మంచితనం. వేసవి అంతా డెనీస్ ఇళ్లు చూస్తూనే ఉంది. ధరలు పాకిపోయాయి. అమ్మిన డబ్బుకు మెట్లు లేనిది ఒక్కటీ రాలేదు. ఆకులు రాలే వేళకు, చేపల వేపుడు కొట్టు పైన అద్దెకు రెండు గదులు దొరికాయి. మళ్లీ మెట్లే. ఒక్క ఆదివారం కూడా సిల్వియా ఇంటికి పోలేదు. ఆ వీధిలోంచి వెళ్లే బస్సు కూడా ఎక్కడం మానేసింది.

అక్టోబరులో ఓ మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"డెనీస్ తల్లీ, నేనే. ఎలా ఉన్నావు? ఒక్క మాటూ లేదు, పలుకూ లేదు. సరేలే, విను. మన ఎథెల్‌కు ఏదో వచ్చిందమ్మా. ఆకుల మీద నల్లటి మచ్చలు, పసుపు తిరిగి రాలిపోతున్నాయి. కింద కొమ్మలు బోసిపోయాయి. మొక్కల కొట్టువాడేదో మందు ఇచ్చాడు, చల్లితే ఇంకా ఎక్కువైంది. చచ్చిపోతుందేమోనని భయంగా ఉంది. ఏం చెయ్యాలి?"

మచ్చలకు ఏం చెయ్యాలో డెనీస్‌కు తెలుసు. కీత్ ప్రతి ఏడూ చేసేవాడు, బుట్ట పట్టుకుని తనే పక్కన నిలబడేది. ఇప్పుడు ఊరుకుంటే చాలు. ఫోన్ పెట్టేస్తే చాలు. రెండేళ్లలో ఆ తోటలో పలకముక్క మాత్రం మిగులుతుంది. అబ్బ, ఎంత హాయిగా ఉంటుంది! ఒక్క క్షణం నిజంగానే హాయిగా అనిపించింది ఆమెకు. ఆ తర్వాత మీగడ రంగు, టీ రంగు కళ్ల ముందుకొచ్చాయి. ప్రపంచం మొత్తానికి ఒక్కటే.

"రాలిన ఆకు ఒక్కటి కూడా నేల మీద ఉంచొద్దు," అంది. "ఎరువు కుప్పలో వెయ్యొద్దు, చెత్త డబ్బాలో వెయ్యండి. మచ్చలున్నవి చెట్టు మీంచి కూడా గిల్లెయ్యండి. నీళ్లు మొదట్లో పొయ్యండి, ఆకుల మీద పొయ్యొద్దు. ఆ మందు పారెయ్యండి. మొదలు చుట్టూ బాగా మాగిన పేడ ఎరువు పరవండి, కాండానికి తగలకుండా."

"ఉండుండు, రాసుకుంటున్నా... కాండానికి తగలకుండా. నువ్వెంత మంచిదానివి తల్లీ! నామీద కోపంగా ఉన్నావేమో, ఎత్తవేమో అనుకున్నా. అంతా మరిచిపోయినట్టేగా? పర్లేదుగా?"

కింద కొట్లో నూనె సుయ్యిమంది. డెనీస్ ఫోన్‌ను రెండు చేతుల్తో పట్టుకుంది.

"పర్లేదు కాదు," అంది.

అవతల పెన్ను చప్పుడు ఆగింది.

"మీరు నన్ను మోసం చేశారు సిల్వియా. నా చేతులు పట్టుకుని మరీ మోసం చేశారు. నేను చచ్చేదాకా అది పర్లేదు కాదు. ఈ మాటలన్నీ చెప్పింది మీకోసం కాదు."

"డెనీస్..."

"దాని పేరు ఎథెల్ కాదు. చలి తగ్గేముందు కత్తిరించాలి. అప్పుడు ఫోన్ చెయ్యండి, ఎక్కడ కొయ్యాలో చెప్తాను."

ఫోన్ పెట్టేసింది. పొయ్యి మీద నీళ్లు పెట్టుకుని, మరిగేదాకా అక్కడే నిలబడింది.